డిసెంబరు 31 రాత్రి ఆరాధన: వాగ్దానము, మారుమనస్సు, నిరీక్షణ

ఉపోద్ఘాతము

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పల్లెల్లో ఆదివారపు ఆరాధనకు రానివారు సైతం డిసెంబరు 31 రాత్రి మందిరానికి వస్తారు. పత్తి తీతకు పోయి వచ్చిన స్త్రీలు, మిరపతోట కావలి నుండి తిన్నగా వచ్చిన రైతులు, పట్నంలో పని చేసుకొంటూ సెలవుకు ఇల్లు చేరిన పిల్లలు, అందరూ ఆ రాత్రి ఒకచోట కూర్చుంటారు. కాపరికి సంవత్సరంలో ఇంతటి అవకాశము మరొకటి దొరకదు. కాబట్టి ఆ రాత్రి సంఘము ఏమి చెప్పుచున్నది, ఏమి చెప్పకుండ విడిచిపెట్టుచున్నది అని పరిశీలించడము అవసరము.

ఈ వ్యాసములో మేము మూడు విషయాలను విమర్శకు తీసుకొంటున్నాము. మొదటిది ఆ రాత్రి ఆరాధన క్రమము. రెండవది ఆ రాత్రి పంచే వాగ్దాన కార్డు. మూడవది జనవరి 1 వచ్చిందంటే ఈ ప్రాంతపు ప్రసంగవేదికల మీద వినబడే ఒంగోలు ప్రార్థన కొండ కథ. ఈ మూడింటిలోను ఒకే లోపము కనబడుతున్నదని మా అభిప్రాయము. అదేమనగా, నిరీక్షణను మారుమనస్సు నుండి విడదీసి, విడిగా పంచిపెట్టడము. అయితే మన ప్రాంతపు సంఘ చరిత్రను జాగ్రత్తగా చదివితే ఆ రెండూ విడదీయరానివని తెలియుచున్నది.

మెలకువ ఆరాధన పుట్టుక

సంవత్సరాంతపు మెలకువ ఆరాధన లేఖనములో నియమింపబడిన పండుగ కాదు. 1733లో జర్మనీలోని హెర్న్‌హట్‌లో మొరేవియనులు ఇటువంటి ఆరాధన జరిపారు. 1740వ దశకములో జాన్ వెస్లీ ఇంగ్లండులో దానిని తన సంఘాల్లోకి తెచ్చాడు. బ్రిస్టల్ దగ్గరి కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికులు మారుమనస్సు పొందకముందు రాత్రులు సారాకొట్లలో గడిపేవారు. ఆ రాత్రులనే వారు ప్రార్థనకు అప్పగించారు. ఆ తరువాత 1755లో వెస్లీ నిబంధన ఆరాధనను ప్రవేశపెట్టాడు. దానిలో విశ్వాసి దేవుని దగ్గర నుండి ఏమి పొందబోతున్నాడన్నది ప్రధానము కాదు. తనను తాను దేవుని చేతికి అప్పగించుకొంటున్నాడన్నదే ప్రధానము. తరువాతి కాలములో మెథడిస్టులకు అది నూతన సంవత్సరపు ఆరాధనగా స్థిరపడింది.

అమెరికాలో 1862 డిసెంబరు 31 రాత్రి నల్లజాతి విశ్వాసులు మందిరాల్లో మేల్కొని కనిపెట్టారు. మరునాడు, 1863 జనవరి 1న, బానిసల విమోచన ప్రకటన అమలులోకి రావలసి ఉన్నది. ఆ రాత్రి వారి నిరీక్షణకు ఒక స్పష్టమైన విషయము ఉన్నది: సంకెళ్లు తెగడము. కనుక ఈ ఆరాధన పుట్టుకలోను, ప్రయాణములోను కూలివాడు, బానిస, వారి విడుదల ఉన్నాయి. బొగ్గుగనుల నుండి పత్తిచేల దాకా నడచి వచ్చిన ఆరాధన ఇది. పత్తిచేలు మనకు క్రొత్తవి కావు.

ఇప్పుడు మన సంఘాల్లో సాధారణముగా జరుగుచున్న క్రమము చూద్దాము. తొమ్మిది, పది గంటలకు పాటలు మొదలవుతాయి. తరువాత సాక్ష్యాలు, గడచిన సంవత్సరములో ఉద్యోగము వచ్చినవారు, పెండ్లి కుదిరినవారు, రోగము నుండి లేచినవారు చెప్తారు. పంట పోయినవాడు లేవడు. తరువాత ప్రసంగము, పన్నెండు గంటలకు మోకాళ్ల ప్రార్థన, గంట, శుభాకాంక్షలు, కేకు, వాగ్దాన కార్డులు, కృతజ్ఞతార్పణలు. పాపపు ఒప్పుకోలుకు మోకాళ్ల ప్రార్థనలో రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి. అవైనను “మా తప్పులన్నీ క్షమించుము” అనే ఒక్క మాటలో గడచిపోతాయి. ఏ తప్పులు? ఎవరి పట్ల? ఆ మాట ఎవరూ అడగరు.

లూథరన్ ఆరాధన క్రమములో ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన ఆరంభములోనే ఉంటాయి. 1842లో హయ్యరు గుంటూరు చేరిన నాటి నుండి ఈ ప్రాంతములో ఆ సంప్రదాయము పాదుకొన్నది. బాప్టిస్టు సంఘాల్లో వ్రాసిన క్రమము లేకపోయినను, ఒప్పుకొనక బాప్తిస్మము లేదు. ఇటువంటి వారసత్వము ఉన్న సంఘాలు సరిగ్గా సంవత్సరపు అంచున నిలబడినప్పుడు ఒప్పుకోలును క్లుప్తము చేయడము ఆలోచింపదగిన విషయము.

వాగ్దాన కార్డు: మేలు, కీడు

వాగ్దాన కార్డును ఎగతాళి చేయడము సులభము. మేము ఆ పని చేయము. చదువురాని తల్లి ఆ కార్డును పిల్లవాని చేత చదివించుకొని, కంఠతః పట్టి, గోడకు అంటించుకొంటుంది. పన్నెండు నెలలు ఆ ఇంట కళ్లెదుట నిలిచే వాక్యము అదొక్కటే కావచ్చును. చీటి తీసి వాక్యము పొందే పద్ధతికి కూడ చరిత్ర ఉన్నది. మొరేవియనులు 1731 నుండి దినవాక్యములను పుస్తకముగా అచ్చు వేస్తున్నారు. ఆ వాక్యాలను చీట్లు తీసియే ఎంచుతారు. అయితే వారు చీటి తీసే పాత్రలో గద్దింపు కూడ ఉంటుంది, ఆజ్ఞ కూడ ఉంటుంది. మన పళ్లెములో ఆశీర్వాదాలు మాత్రమే ఉంటాయి. ఏ చీటి తీసినను లాభమే వచ్చే చీట్లు దేవుని చిత్తము తెలిసికొనే చీట్లు ఎట్లు అవుతాయి?

మూడు కార్డులను వాటి సందర్భములో పెట్టి చూద్దాము.

మొదటిది యిర్మీయా 29:11. దేవుని ఉద్దేశాలు కీడుకు కాదు, సమాధానమునకే అనే ఈ వచనము మన కార్డుల్లో మొదటి వరుసలో ఉంటుంది. దానికి ముందున్న 10వ వచనము అచ్చు వేయరు. అక్కడ డెబ్బది సంవత్సరాలు అని ఉన్నది. అనగా ఆ ఉత్తరము విన్న పెద్దవారిలో అత్యధికులు ఆ మేలును కన్నులారా చూడరు. 28వ అధ్యాయములో హనన్యా రెండు సంవత్సరాల్లోనే అంతా తిరిగి వస్తుందని ప్రకటించి, యిర్మీయా మెడమీది కాడిని విరిచాడు. జనానికి నచ్చిన వాగ్దానము అదే. ఆ ప్రకటన ఐదవ నెలలో జరిగింది, ఏడవ నెలలో హనన్యా మరణించాడు. యిర్మీయా దగ్గరున్న మాటను హనన్యా గొంతుతో చదవడము మన కార్డు చేస్తున్న పొరపాటు.

రెండవది అప్పిచ్చేవారవుతారు గాని అప్పు తీసికొనేవారు కారు అనే వాగ్దానము. అప్పుల ప్రాంతములో దీనికున్న ఆకర్షణ చెప్పనక్కరలేదు. అయితే ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములో ఈ మాట 6వ వచనములో ఉన్నది. దానికి ముందు, 1, 2 వచనాల్లో ఏడవ ఏట అప్పులు విడిచిపెట్టవలెనన్న ఆజ్ఞ ఉన్నది. దాని వెనుక, 7 నుండి 11 వరకు, విడుదల సంవత్సరము దగ్గరపడిందని లెక్క చూచుకొని బీదవానికి చెయ్యి ముడుచుకొనవద్దన్న హెచ్చరిక ఉన్నది. రెండు వైపుల గోడలు తీసివేసి నడుమ ద్వారబంధము మాత్రము ఎత్తుకొని వచ్చినట్లున్నది మన పని. ఆ వచనము అప్పులవాడు వడ్డీవ్యాపారి అవుతాడని చెప్పడము లేదు. అప్పు మెడకు ఉరి కాని సమాజము ఎట్లుంటుందో చెప్తున్నది.

అదే వరుసలో ద్వితీయోపదేశకాండము 28:13 వస్తుంది. తలగా ఉంటావు, తోకగా కాదు అనేది. ఊరి చివర నివసించే విశ్వాసికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మాకు తెలియును. కాని ఒకరు తల అయితే మరొకరు తోక కావలె గదా! తలా తోకా లేని శరీరాన్ని, అవయవాలన్నీ ఒకదానినొకటి సన్మానించే శరీరాన్ని పౌలు 1 కొరింథీ 12లో చూపాడు. సంఘము ఇయ్యవలసిన నిరీక్షణ అది.

మూడవది కీర్తన 65:11. దేవుడు సంవత్సరానికి తన దయను కిరీటముగా పెట్టాడన్న ఈ వచనము నూతన సంవత్సరానికి తగినదే. అయితే ఆ కీర్తన 11వ వచనముతో మొదలు కాలేదు. 3వ వచనములో కవి తనమీద పైబడిన దోషాలను, వాటికి దేవుడు చేసే ప్రాయశ్చిత్తాన్ని చెప్తాడు. 9వ వచనములో వాన, 10వ వచనములో దుక్కి చాళ్లు, ఆ తరువాత పంట. ఒప్పుకోలు ముందు, వాన తరువాత, కిరీటము చివర. రైతు భాషలో చెప్పాలంటే ఇది దుక్కి నుండి కల్లము దాకా వచ్చిన కీర్తన. మన కార్డు కల్లములోనే పుట్టింది.

ఇక్కడ పణముగా ఉన్నది వ్యాఖ్యాన పద్ధతి ఒక్కటే కాదు. 2021–22 పంటకాలములో నల్ల తామర పురుగు ఈ ప్రాంతపు మిరపతోటలను పూతలోనే నాశనము చేసింది. ఆ తోట కౌలుదారుని ఇంటి గోడమీద సమృద్ధి వాగ్దానమున్న కార్డు ఉన్నదనుకొందాము. అతడు ఏమని అర్థము చేసికొనవలెను? దేవుడు మాట తప్పాడనా? లేక నా విశ్వాసము చాలలేదనా? ఆ రెండింటిలో ఏదో ఒకటి అనుకొనక తప్పని స్థితిలో మనమే అతనిని నిలబెట్టాము. 1987–88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పురుగుమందు త్రాగి చనిపోయిన పత్తి రైతుల సంగతి ఈ ప్రాంతము మరువలేదు. నిరాశ ఇక్కడ పుస్తకాల్లోని మాట కాదు, కొట్టములో మూలన ఉన్న డబ్బా. అందువలన తప్పుడు ఆశను పంచడము చిన్న తప్పు కాదు.

ప్రార్థన కొండ కథ

1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కారు. అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు సువార్తికుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. వారు పాట పాడి, యెషయా 52:7 చదివి, ఒకరి తరువాత ఒకరు తెలుగు ప్రజల కొరకు ప్రార్థించారని మిషను చరిత్రలో వ్రాయబడి ఉన్నది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి, “ఐదుగురు ప్రార్థించారు, వేలమంది వచ్చారు, మీరు కూడ ఈ క్రొత్త సంవత్సరములో ప్రార్థించండి, మీకును అట్లే జరుగును” అని ముగించడము మన ప్రసంగాల వాడుక. కథ నిజమే. చెప్పే తీరు మాత్రము దానిని కూడ ఒక వాగ్దాన కార్డుగా కుదించివేసింది. విడిచిపెట్టిన సంగతులు ఐదు కలవు.

ఒకటి, ఆ ప్రార్థన గెలుపు మీద ఉన్నవారు చేసింది కాదు. 1836లో శామ్యూల్ డే ఆరంభించిన ఆ మిషను 1853 నాటికి చెప్పుకోదగిన ఫలము లేక, మూసివేయుదమా అన్న చర్చలో ఉన్నది. శామ్యూల్ ఎఫ్. స్మిత్ ‘ఒంటరి నక్షత్రము’ అనే పద్యము వ్రాసింది ఆ చర్చ సమయములోనే. 1862లో జ్యూయెట్ అనారోగ్యముతో స్వదేశము వెళ్లినప్పుడు మరల అదే చర్చ వచ్చింది. కొండ ప్రార్థనకు, ఒంగోలులో సంఘము ఏర్పడడానికి నడుమ పదమూడు సంవత్సరాలు కలవు. ఆ పదమూడు సంవత్సరాల్లో వచ్చిన ఏ జనవరి 1న కూడ వారికి ‘ఈ సంవత్సరమే’ అన్న కార్డు ఎవరూ ఇయ్యలేదు.

రెండు, ఆ ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు, ముగ్గురు తెలుగువారు. ప్రసంగాల్లో జ్యూయెట్ పేరు నిలిచింది, జూలియా, రూతు అన్న పేర్లు తరచు ‘తదితరులు’ అయిపోయాయి. నేటికిని మన సంఘాల్లో తెల్లవారుజామున లేచి ప్రార్థించేది ఎక్కువగా స్త్రీలే, వేదికమీద ఆ రాత్రి వాగ్దానము ప్రకటించేది మాత్రము పురుషులే.

మూడు, జవాబు కొండమీద నుండి దిగలేదు. పల్లె నుండి నడచి వచ్చింది. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగవాడు, సత్యము కొరకు గురువుల వెంట తిరిగినవాడు. తోళ్ల వ్యాపారము మీద ఉత్తరాదికి పోయినప్పుడు సువార్త విని, 1866లో బాప్తిస్మము పొందాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది. అదే నెలలో జాన్ ఇ. క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి 28 మందికి బాప్తిస్మమిచ్చాడు. వారిని సిద్ధపరచింది పేరయ్య సాక్ష్యమే. ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన మాదిగల కథల పుస్తకము లేకపోతే ఆ గురువుల, ఆ వెదకులాటల సంగతి మనకు ఈ మాత్రమైనను తెలిసేది కాదు. అయినను అదియు మిషను ఇంటి నుండి వ్రాసిన పుస్తకమే. అమెరికాలోని దాతలు చదువుటకు వ్రాసిన రచనల్లో మిషనెరీ ముందుకు, పల్లె వెనుకకు జరగడము సహజము. ఒకటిన్నర శతాబ్దము తరువాత, ఆ పల్లెల మనుమలమైన మనము కూడ అదే వరుసలో చెప్పనక్కరలేదు.

నాలుగు, ఆ సంఘము ఒక గడ్డు తీర్మానము మీద నిలబడింది. మాదిగలను చేర్చుకొంటే మేము మా పిల్లలను మీ బడికి పంపమని ఒంగోలులోని అగ్రవర్ణాలవారు తెగేసి చెప్పినప్పుడు, క్లౌ, ఆయన భార్య హారియెట్ వేరువేరు గదుల్లో పరిశుద్ధ గ్రంథము తెరచి చూచారని, ఇద్దరికిని 1 కొరింథీ 1:26 మొదలుకొని ఉన్న భాగమే వచ్చిందని చెప్తారు. ఇదియు ఒక విధముగా చీటి తీయడమే! కాని వచ్చిన వాక్యము ఎటువంటిది? గొప్పవంశమువారు అనేకులు పిలువబడలేదన్నది. ఆ వాక్యము వారికి లాభము తేలేదు, పలుకుబడి గల విద్యార్థులను పోగొట్టింది. అది నిజముగా వాగ్దానమే, కాని త్రోవ మళ్లించే వాగ్దానము. మారుమనస్సు అంటే మళ్లుకొనడమే గదా.

ఐదు, 2,222 అన్న సంఖ్యకు ముందు 1876–78 నాటి మహాక్షామము ఉన్నది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు కాంట్రాక్టు తీసికొని, ఆకలితో వచ్చినవారికి పని, కూలి ఇచ్చాడు. ఆ కాలమంతా, సుమారు పదిహేను నెలలు, బాప్తిస్మాలు ఆపివేశాడు. అన్నము కొరకు క్రీస్తును పట్టుకొన్నారన్న మాట రాకూడదని, అన్నముతో క్రీస్తును అమ్మకూడదని ఆ నిర్ణయము. కూలి ముగిసిన తరువాత కూడ జనము వచ్చినప్పుడే తలుపు తెరిచారు. ఆ దినమున క్లౌ నీటిలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా దిగి బాప్తిస్మమిచ్చారు. ఆ సంవత్సరాంతానికి ఆ సంఖ్య 9,606కు చేరింది. ఆకలి పూర్తిగా తీరిందని గాని, జనము వచ్చిన కారణాలన్నీ కేవలము ఆత్మసంబంధమైనవని గాని మేము అనము. క్లౌ స్వీయచరిత్ర, ఆయన మరణానంతరము 1914లో వచ్చినది, ఈ ఉద్యమములోని సాంఘిక కోణాన్ని దాచలేదు. మేము చెప్పేది ఇంతే: మేలును ఎర చేయకూడదన్న భయము ఆనాటి సంఘానికి ఉన్నది. మేలునే ఎరగా పంచే కార్డుకు ఆ కొండను సాక్ష్యముగా పిలువకూడదు.

నల్లరేగడి మీద మారుమనస్సు

జనవరి 1 ఈ ప్రాంతపు రైతుకు సంవత్సరారంభము కాదు, ముగింపు కాదు. ఏరువాకతో అతని సంవత్సరము మొదలవుతుంది. డిసెంబరు చివరికి పత్తి తీతలు సాగుతుంటాయి, మిరప ఇంకను పండుబారుతుంటుంది. మందుల కొట్టులో ఖాతా పెరిగి ఉంటుంది, కౌలు బాకీ తలమీద ఉంటుంది, గుంటూరు యార్డులో ధర ఏ దిక్కుకు పోతుందో ఎవరికిని తెలియదు. 2017లో, మరల 2025లో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వము ధర ప్రకటించి జోక్యము చేసికొనవలసి వచ్చింది. కనుక డిసెంబరు 31న మన ముందు కూర్చున్నవాడు లెక్క తేలని మనిషి. అతనికి “లెక్క తేలింది, లాభమే” అని చెప్పడము ప్రకటన కాదు, పందెము.

అయితే అతనికి ఏమి చెప్పవలెను? బాప్తిస్మమిచ్చు యోహానును జనులు, “మేమేమి చేయవలెను?” అని అడిగినప్పుడు (లూకా 3:10–14) ఆయన కన్నీళ్లు అడుగలేదు. రెండు అంగీలు గలవానికి ఒక మాట, పన్ను వసూలుదారునికి ఒక మాట, సిపాయికి ఒక మాట చెప్పాడు. మారుమనస్సు వృత్తిని బట్టి ప్రశ్న వేస్తుంది. మన ప్రాంతములో ఆ ప్రశ్నలు ఎట్లుంటాయి? కాటా దగ్గర నిలబడే విశ్వాసికి తూకపు ప్రశ్న. కూలీల ముఠాను తోలుకొని వచ్చే మేస్త్రికి, మిరప కోసిన స్త్రీకి కూలి ఏ దినమున ముట్టిందన్న ప్రశ్న. కోతగాండ్ర కూలి బిగబట్టడాన్ని గూర్చి యాకోబు 5:4 మాట్లాడుతున్నది. సంఘపెద్దయై వడ్డీకి ఇచ్చేవానికి, నూటికి ఎంత అన్న ప్రశ్న. భూమి గల విశ్వాసికి, పంట పోయిన ఏట కౌలు మొత్తము వసూలు చేశావా అన్న ప్రశ్న. ఇంటి డబ్బు సారాకు పోసేవానికి, భార్య కూలిని గుంజుకొనేవానికి కూడ ప్రశ్న ఉన్నది. అయితే మన ప్రసంగాలు ఈ చివరి ప్రశ్న దగ్గరే ఆగిపోవడము గమనించదగినది. బీదవాని పాపము పేరుపెట్టి చెప్పబడుతున్నది, బలవంతుని పాపము ‘మా తప్పులన్నీ’లో దాగుకొంటున్నది.

ఈ నేల మీద మరింత లోతైన ఒప్పుకోలు కూడ మిగిలి ఉన్నది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులు చంపబడ్డారు. కారంచేడు నుండి పారిపోయినవారు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకొన్నారు. ఆ దినాన మందిరపు గేటు తెరచి ఉన్నది. అది మన చరిత్రలో కృతజ్ఞతతో తలచుకొనవలసిన సంగతి. అయితే మన సంఘాల లోపల మాల మాదిగల పేర వేరుపడిన వరుసలు, ఎన్నికలు, సమాధి స్థలాలు, ఆస్తుల తగవుల్లో కోర్టుకెక్కిన సహోదరులు ఉన్నంతకాలము, అన్యాయము బయటివారిది మాత్రమే అని చెప్పడానికి మనకు నోరు చాలదు.

లేవీయకాండము 25:9లో ఒక చిన్న వివరము కలదు. సునాద సంవత్సరపు బూర ఊదవలసింది ఏ దినమున? ప్రాయశ్చిత్తార్థ దినమున. భూమి తిరిగి వచ్చే సంవత్సరము, అప్పులో అమ్ముడుపోయినవాడు ఇంటికి పోయే సంవత్సరము, జనమంతా తమ పాపాల కొరకు తమ్మును దుఃఖపరచుకొనే దినమునే ప్రారంభమవుతుంది. పరిశుద్ధ గ్రంథము చూపిన ‘నూతన సంవత్సర ఆరాధన’ ఇదే అనవచ్చును. అక్కడ క్షమాపణ, విడుదల ఒకే బూరలో వినబడుతున్నాయి.

రెండు ఆక్షేపణలు

సంవత్సరమంతా నలిగినవారు ఒక్క రాత్రి సంతోషించుటకు వస్తే, వారిని పాపము పేరుతో మరింత నలుపుతారా అని కొందరు కాపరులు అడుగవచ్చును. ఇది బరువైన ప్రశ్న. జవాబు లూకా 13వ అధ్యాయములోనే ఉన్నది. సిలోయము గోపురము మీదపడి చచ్చిన పద్దెనిమిదిమంది అందరికంటె ఎక్కువ పాపులా అని అడిగి, ప్రభువు కాదన్నాడు. తామర పురుగు పడిన తోట రైతు పాపమునకు రుజువు కాదు. అటువంటివానికి ఆ రాత్రి కావలసింది ఒప్పుకోలు కాదు, విలాపము. కీర్తనల గ్రంథములో విలాపాలు అన్ని ఉన్నవి అందుకే. విలపించవలసినవాని చేత ఒప్పుకోలు చేయించడము, ఒప్పుకొనవలసినవానిని సాక్ష్యము చెప్పనియ్యడము, ఈ రెండు తారుమారులే ఆ రాత్రిని పాడుచేస్తున్నవి.

కార్డు తీసివేస్తే జనము కార్డు ఇచ్చే మరో మందిరానికి పోతారన్నది రెండవ ఆక్షేపణ. పోవచ్చును. పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపినప్పుడు క్లౌకు కూడ ఆ భయము ఉండకపోదు. అయినను కార్డును తీసివేయుమని మేము అనడము లేదు. దానిని నింపుమంటున్నాము.

కొన్ని సూచనలు

కాపరులు, విద్యార్థులు పరిశీలించుటకు ఈ నాలుగు సూచనలు చేస్తున్నాము. మొదటిది, పదకొండు గంటలకు సాక్ష్యాలతో పాటు విలాపానికి చోటియ్యవలెను. ఆ ఏడు ఊరిలో చనిపోయినవారి పేర్లు చదవవలెను, అప్పుబాధతో ప్రాణము తీసికొన్నవారి పేర్లను దాచకుండ. రెండవది, పన్నెండుకు ముందు కనీసము అరగంట ఒప్పుకోలుకు ఉంచి, లూకా 3ను మన వృత్తుల పేర్లతో వివరించవలెను. తగవు ఉన్నవారు గంట కొట్టకముందే ఒకరి దగ్గరకు ఒకరు వెళ్లుటకు సమయమియ్యవలెను. మూడవది, కార్డు మీద ఒక వచనమునకు బదులు దాని ముందు వెనుకలతో చిన్న భాగము అచ్చు వేసి, రెండవ వైపున ఆ భాగములోని ఆజ్ఞను కూడ వేయవలెను. కీర్తన 65 మొత్తము అచ్చు వేస్తే మరీ మంచిది. నాలుగవది, మిరప అమ్మకాలు సాగి లెక్కలు తేలే ఏప్రిల్ నెలలో ఒక ఆదివారము జనవరి వాక్యాన్నే మరల తెరవవలెను. లాభము వచ్చినవాడు, నష్టపోయినవాడు ఒకే బల్ల దగ్గర నిలిచి ఆ వాక్యాన్ని చదవగలిగినప్పుడే అది వాగ్దానమో కాదో సంఘానికి తెలియును.

ముగింపు

సిలోయము గోపురపు మాట చెప్పిన వెంటనే ప్రభువు ఒక ఉపమానము చెప్పాడు. మూడేండ్లుగా కాపు లేని అంజూరపు చెట్టును నరికివేయుమని యజమానుడు అన్నప్పుడు, తోటమాలి ఒక్క సంవత్సరము గడువు అడుగుతాడు. అడిగి ఊరకుండడు, చుట్టు త్రవ్వి ఎరువు వేస్తానంటాడు. క్రొత్త సంవత్సరమనగా ఏమిటో ఇంతకంటె తేటగా చెప్పిన భాగము మాకు కనబడలేదు. అది మనము సంపాదించుకొన్నది కాదు, మన కొరకు ఒకరు బ్రతిమాలి తెచ్చిన గడువు. ఆ చెట్టు కాసిందా లేదా అన్నది ఉపమానములో చెప్పబడలేదు. తోటమాలి చేతిలో పార ఉన్నదన్నది మాత్రము చెప్పబడింది. డిసెంబరు 31 రాత్రి మన పల్లెల మందిరాల్లో కూర్చున్నవారికి పార పని, ఎరువు వాసన, గడువు విలువ మనము నేర్పనక్కరలేదు. వారికి తెలిసిన ఆ సంగతినే సువార్తగా చెప్పుట మన వంతు.